ముందు ఆ మనిషి చేసిన పని రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రిటిష్ హాస్యనటుడు టోనీ హాంకాక్ మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. పద్నాలుగు పేజీలు. మొన్న రాత్రి ఒకసారి చదివి పక్కన పెట్టేశాను. పొద్దున్నే కాఫీ తాగుతూ మళ్లీ చదివాను. రెండోసారి పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ పేజీ వల్లే రాస్తున్నాను.

అక్కడ నువ్వు ఆయన టీవీ హాస్య కార్యక్రమంలోని 'ది బ్లడ్ డోనర్', అంటే రక్తదాత, అనే ఎపిసోడ్ గురించి రెండు వాక్యాలు రాశావు. "ఆయన కళ్లు ఎదుటివాళ్లను చూడవు, మాటిమాటికీ పక్కకు పోతుంటాయి. లోపల కమ్ముకుంటున్న చీకటి ఆ చూపులో అప్పటికే కనిపిస్తోంది." మొదటి వాక్యం చదివి చాలా సంతోషించాను. యూట్యూబ్‌లో ఆ అరగంటా చూసినవాళ్లలో చాలామంది ఆ కళ్లను గమనించరు. నువ్వు గమనించావు. రెండో వాక్యం చదివితే ఒళ్లు మండింది.

ఆ చూపు సంగతి చెప్తాను విను. 1961 జూన్. ముందు వారం ఎపిసోడ్ రికార్డింగు ముగించుకుని హాంకాక్ ఇంటికి వెళ్తున్నాడు. కారు నడుపుతున్నది భార్య సిసిలీ. దారిలో యాక్సిడెంట్ అయింది, ఆయన తల ముందు అద్దానికి కొట్టుకుంది. ప్రాణానికి ప్రమాదం లేదు గానీ తల దిమ్మెక్కి, కొత్త ఎపిసోడ్ డైలాగులు బట్టీ పట్టే స్థితిలో లేడు. ప్రోగ్రాం వాయిదా వెయ్యలేదు. కెమెరాల పక్కన డైలాగులు కనిపించేలా తెరలు పెట్టారు. ఆయన వాటిని చూసి చదువుతూ నటించాడు. నువ్వు చూసిన పక్కచూపు అదీ. జూన్ 23న ప్రసారమైంది. అరవై ఏళ్లు దాటినా బ్రిటిష్ వాళ్లు ఆయన పేరెత్తగానే చెప్పుకునేది ఆ ఎపిసోడే.

ఇప్పుడు చెప్పు. నీ 'చీకటి' గొప్పదా, ఈ నిజం గొప్పదా? తలకు దెబ్బ తగిలిన మనిషి, ఒక్క ముక్క నోటికి రాని మనిషి, అక్షరాలు చదువుకుంటూనే ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో ఒక్కచోట కూడా తప్పకుండా ఆ అరగంట నడిపించాడు. నీ చేతిలో ఇంత ఉండి కూడా చీకటి అనే ఒక్క మాటతో సరిపెట్టేశావు. ఎందుకంటే వ్యాసం మొదలుపెట్టేటప్పటికే నువ్వు ఆయన చావు నుంచి వెనక్కి చూస్తున్నావు. చావు నుంచి చూస్తే ప్రతిదీ చావు గుర్తుగానే కనిపిస్తుంది.

నీ మొదటి వాక్యం "1968 జూన్, సిడ్నీ." అక్కడి నుంచి తొమ్మిది పేజీలు తాగుడు, విడాకులు, ఒంటరితనం, మరణం. నేను లెక్కపెట్టాను. బీబీసీ రేడియోలో 1954 నవంబర్ 2న మొదలై, వందకు పైగా ఎపిసోడ్లు నడిచిన 'హాంకాక్స్ హాఫ్ అవర్'కు ఏడు పంక్తులు. 1956లో టీవీకి వచ్చి అరవైకి పైగా ఎపిసోడ్లు అయితే, దానికి నాలుగు పంక్తులు. అందులో ఒకటి "ఈ కార్యక్రమం ఎంతో హాస్యభరితంగా ఉండేది". అబ్బాయీ, హాస్యభరితంగా ఉండేది అని రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? నవ్వు వచ్చిన చోటు చూపించాలి గానీ, నవ్వు వచ్చేదని సర్టిఫికెట్ ఇస్తే ఎలా?

నటుడి గురించి రాసేవాడు ముందు ఆ నటుడి పని రాయాలి. ఒక్క నిమిషం పని. ఏ చెయ్యి ఎక్కడ ఉంది, ఏ మాట తర్వాత ఎంతసేపు ఆగాడు, ఎదుటివాడు ఏమన్నాడు, జనం ఎప్పుడు నవ్వారు. ఆ నిమిషం రాయడం చేతనైతే తర్వాత తాగుడు రాయి, అప్పులు రాయి, చావు రాయి, ఏదైనా రాయి. ఆ నిమిషం లేకపోతే పోయింది ఎవరో చదివేవాడికి తెలియదు. తెలియని మనిషి కోసం ఎవరూ ఏడవరు.

ఈ మాట నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. 1978లో మా ఊళ్లో ఒక ముసలి నాటకాల హాస్యనటుడు ఉండేవాడు. పేరు రాయను. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చుని ఆయన చెప్పింది రాసుకున్నాను. ఆయన పేరు తెచ్చుకున్న వేషం ఒక జమీందారు ఇంట్లో నౌకరు. యజమాని ఊళ్లో లేడనుకుని ఆయన కుర్చీలో కూర్చుని చుట్ట వెలిగించుకోబోతాడు. అగ్గిపుల్ల గీస్తాడు. లోపలి నుంచి యజమాని దగ్గు వినిపిస్తుంది. చెయ్యి అక్కడే ఆగిపోతుంది. పుల్ల కాలుతూ వేళ్ల దాకా వస్తూ ఉంటుంది. జనం నవ్వుతారు. ఆయన పుల్ల వైపు చూడడు. ఆ నవ్వు తగ్గేదాకా అలాగే ఉండి, అప్పుడు తల కదపకుండా కళ్లు మాత్రం దించి పుల్లను చూస్తాడు. మళ్లీ నవ్వు, ఈసారి ఇంకా పెద్దది. "మొదటి నవ్వు అగ్గిపుల్లదండీ, రెండోది నాది" అనేవాడు.

ఇలాంటివి మూడు సీన్లు విడమర్చి రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయి వచ్చింది. నా పేజీల్లో ఆ మూడు సీన్లూ లేవు. వ్యాసం చివర నేను రెండు వాక్యాల్లో చెప్పిన ఆయన తాగుడు, ఆయన అప్పు, పైకి వచ్చి మొదటి పేరా అయింది. దానికి తోడు 'నవ్వుల వెనుక కన్నీటి కథ' అని హెడ్డింగ్. ఉత్తరం రాస్తే ఎడిటర్ గారు "పాఠకుడికి కావలసింది మనిషండీ, టెక్నిక్ కాదు" అని కార్డు ముక్క పంపారు. నలభై ఏళ్లకు పైగా అయింది, ఆ కార్డు మీద కోపం నాకింకా తగ్గలేదు. పని వేరు, మనిషి వేరు అనుకునేవాళ్ల చేతుల్లో మన పత్రికలు చాలాకాలం ఉన్నాయి. ఇప్పుడు 'ఎవరికీ తెలియని చీకటి కోణం' అని వీడియోల మీద పెడుతున్నారే, అది కొత్త ఫ్యాషనేమీ కాదు. ఆ కార్డు రాసినాయన మనవలే వీళ్లు.

పత్రిక వచ్చిన వారానికి ఆ నటుడి కూతురు మా ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మా నాన్న తాగుడు సంగతి ఊరంతా తెలుసండీ. ఆ చుట్ట సీను ఎలా చేసేవాడో మీకు చెప్పాడట కదా, ఆ కాగితాలు ఉన్నాయా?" అని అడిగింది. పత్రికకు పంపింది నా దగ్గరున్న ఒక్క కాపీ. కార్బన్ పెట్టుకోలేదు. నోట్సు పుస్తకం అప్పటికే ఎక్కడో పోయింది. చుట్ట సీను నాకు గుర్తుంది కాబట్టి పైన రాశాను. మిగతా రెండూ ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఒకదాంట్లో గొడుగు ఉంది. అంతే.

సరే, మళ్లీ హాంకాక్ దగ్గరికి వస్తాను.

ఆయన గొంతు నేను మొదట విన్నది 1986లో. మా బావ బర్మింగ్‌హామ్‌లో డాక్టరు. హాంకాక్ పుట్టిన ఊరది, 1924 మే 12న, హాల్ గ్రీన్ అనే పేటలో. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో చేరిన మన తెలుగు డాక్టర్లు చాలామందే. బావ సెలవులకు వస్తూ రెండు క్యాసెట్లు తెచ్చాడు, ఒకదాంట్లో ఈ రక్తదానం ఉంది. బావకు అది తన వార్డులో జరిగిన సంగతిలా ఉండేది. టేపు ఆపి, వెనక్కి తిప్పి, "ఇక్కడ విను" అని మళ్లీ వేసేవాడు.

నువ్వు చూశావు కాబట్టి కథ నీకు తెలుసు. గొప్పగా రక్తం ఇవ్వడానికి వస్తాడు. ఇచ్చినవాళ్లకు బ్యాడ్జీ ఏమైనా ఉంటుందా అని అడుగుతాడు. డాక్టరు వేలి మీద చిన్న సూదిపోటు పొడిచి ఒక చుక్క తీసుకుంటాడు. దానం అయిపోయిందనుకుని హాంకాక్ లేచి బయల్దేరతాడు. అది శాంపిలే, అసలు తీయాల్సింది ఒక పైంట్, అంటే మన లెక్కలో అర లీటరు పైచిలుకు, అంటాడు డాక్టరు. ఇక్కడ హాంకాక్ ఒక్కసారిగా జోక్ వెయ్యడు, చూడు. ముందు నమ్మలేడు. తర్వాత కోపం. ఆ తర్వాత బుజ్జగింపు, దేశానికి సాయపడదామని మంచి మనసుతో వచ్చాను, ఓ మోస్తరుగా ఇమ్మంటే ఇస్తాను గానీ, అని. ఆ మెట్లన్నీ ఎక్కాక చిట్టచివర వస్తుంది, అది దాదాపు ఒక చెయ్యంత రక్తం కదా అన్న మాట. ఆ మాటకు ముందు ఎక్కిన మెట్లే నటన. నువ్వు చివరి మాట ఒక్కటే ఎత్తి రాశావు.

పైగా దాన్ని "చేతినిండా" అని రాశావు. చేతినిండా అంటే మనకు దోసిలి గుర్తొస్తుంది, చేతినిండా పని గుర్తొస్తుంది. ఇంగ్లీషులో ఆయన అన్న 'ఆర్మ్‌ఫుల్' అనే మాటకు మామూలు అర్థం రెండు చేతులా పట్టినంత మోపు. హాంకాక్ దాన్ని ఒక చేతిలో భుజం దాకా నిండి ఉన్న రక్తం చేశాడు. మా బావ మా అమ్మకు తెలుగులో చెప్తూ "ఒక చెయ్యి మొత్తం ఖాళీ అయిపోదటే!" అన్నాడు. మా అమ్మ తన చెయ్యి ఎత్తి చూసుకుని మరీ నవ్వింది. అలా రాయి. తెలుగువాళ్లు ఈ ఇంగ్లీషాయన కథ చదువుతారా అని నన్ను అడిగావు. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ నవ్వింది, ఇంకెవరు కావాలి?

ఇంకో తప్పు చెప్పాలి, ఇది పెద్దది. "రాసినవాళ్లు కూడా ఆయనను వదిలేశారు" అన్నావు. ఇది నిజం కాదు. రే గాల్టన్, ఆలన్ సింప్సన్. ఈ రెండు పేర్లూ నీ వ్యాసంలో ఒక్కసారి వచ్చాయి, అదీ ఇలా. యువ రచయితవి, రచయితల పట్ల నీకే ఇంత నిర్లక్ష్యం ఉంటే ఎవరికి చెప్పుకోవాలి?

వాళ్లిద్దరూ కలిసింది ఇరవై ఏళ్లు నిండని వయసులో, సర్రేలో మిల్ఫర్డ్ క్షయ శానటోరియంలో. మనకు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉన్నట్టు, అలాంటి చోటు. అప్పట్లో క్షయ వస్తే ఏళ్లకేళ్లు మంచం మీదే. మంచాల మీద పడుకుని రేడియో వినీ వినీ, ఆసుపత్రిలో సొంతంగా నడుపుకునే చిన్న రేడియోకు హాస్యం రాయడం మొదలుపెట్టారు. బయటికి వచ్చాక బీబీసీకి రాశారు. తర్వాత లండన్ షెపర్డ్స్ బుష్‌లో, కూరగాయల కొట్టు పైన ఉన్న గదుల్లో ఆఫీసు. సింప్సన్ టైపు మిషన్ దగ్గర. ఇద్దరికీ నచ్చితే తప్ప ఒక్క వాక్యం కాగితం మీదకు వచ్చేది కాదు.

వాళ్లు చేసిన పని ఏమిటో నువ్వు చెప్పాలి. అప్పటిదాకా రేడియో హాస్యమంటే రెండు స్కిట్లు, మధ్యలో ఒక పాట, ప్రతివాడికీ ఒక ఊతపదం. ఊతపదం రాగానే జనం చప్పట్లు. వీళ్లు పాటలు తీసేశారు. అరగంటంతా ఒకే కథ. ఈస్ట్ చీమ్ అనే పేటలో, 23 రైల్వే కటింగ్స్ అనే ఇంట్లో, తనకు రావాల్సిన గౌరవం రాలేదని ఎప్పుడూ గుర్రుగా ఉండే ఒక చిల్లర నటుడు. పక్కన మోసగాడు సిడ్ జేమ్స్, మందబుద్ధి బిల్ కెర్. కెనెత్ విలియమ్స్ గమ్మత్తు గొంతుతో జనాన్ని పడగొడుతుంటే, ఊతపదాలు చవకబారని హాంకాక్ ఆయన పాత్రను తగ్గించుకుంటూ పోయాడు. అది తెలివా, అసూయా అని వాదించుకోవచ్చు. రెండూ అని నా అభిప్రాయం.

1958లో వాళ్లు రాసిన ఒక ఎపిసోడ్ వెతికి విను. ఆదివారం మధ్యాహ్నం, బయట వాన, చెయ్యడానికి పనేమీ లేదు. అంతే కథ. మొదలవడమే నిట్టూర్పులు, ఆవులింతలు. మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం. రేడియోలో నిశ్శబ్దమంటే తెలుసా? సెట్టు చెడిపోయిందేమోనని వినేవాడు లేచి మీట తిప్పుతాడు. రేడియో నాటకాలు రాసిన రోజుల్లో నేను రెండు సెకన్ల మౌనం రాస్తే స్టేషన్ వాళ్లు టెన్షన్ పడిపోయి వీణ ముక్క ఒకటి అతికించేవారు. హాంకాక్ మాత్రం మౌనాన్ని అలాగే వదిలేసేవాడు, ఒక "ఓహ్ డియర్"తో మళ్లీ అందుకునేవాడు. గోడకు అంటించిన కాగితం డిజైన్‌లో ముఖాలు వెతుక్కుంటూ కూర్చుంటాడు ఆ మనిషి. జబ్బుతో మంచాన పడి నెలల తరబడి గోడ చూసినవాళ్లు రాసిన ఆదివారం అది అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహే, నువ్వు వ్యాసంలో పెట్టకు.

ఆ మౌనం పట్టుకునే బలం ఆయనకు ఊరికే రాలేదు. తండ్రి బోర్న్‌మత్‌లో హోటల్ నడుపుతూ స్టేజి మీద నవ్వించిన మనిషి, కొడుకు చిన్నవాడుగా ఉండగానే ఆయన పోయాడు. యుద్ధకాలంలో హాంకాక్ వైమానిక దళంలో చేరి, రాల్ఫ్ రీడర్ 'గ్యాంగ్ షో' అనే వినోద బృందంలో సైనికులను నవ్వించాడు. 1948లో లండన్ విండ్‌మిల్ థియేటర్. అక్కడికి మగవాళ్లు వచ్చేది బట్టల్లేకుండా కదలకుండా నిలబడే అమ్మాయిలను చూడటానికి. మధ్యలో వచ్చే కమెడియన్‌ను ఎవరూ పట్టించుకోరు, పేపర్లు చదువుకుంటూ ఉంటారు. రోజుకు ఐదారు ఆటలు. నువ్వు ఈ సంగతి "కొంతకాలం థియేటర్లలో పనిచేశారు" అని దాటేశావు. ఒకసారి ఊహించుకో, నీ మొహం చూడటానికి రాని జనం ముందు రోజుకు ఐదుసార్లు నిలబడటం.

ఇక వదిలేసిన సంగతి. 1960 తర్వాత సిడ్ జేమ్స్ వద్దన్నది హాంకాక్. 1961 అక్టోబరులో గాల్టన్, సింప్సన్‌లతో తెగతెంపులు చేసుకున్నదీ హాంకాకే. వాళ్లు నెలల తరబడి పైసా తీసుకోకుండా ఆయన కోసం సినిమా కథలు రాస్తే ఆయనకు నచ్చలేదు. ప్రపంచమంతా తనను చూడాలనుకున్నాడు. ఈస్ట్ చీమ్ అందుకు అడ్డమనిపించింది. మరుసటి ఏడే వాళ్లిద్దరూ పాతసామాను వ్యాపారం చేసే తండ్రీకొడుకుల కథ 'స్టెప్టో అండ్ సన్' రాశారు, దానికీ దేశమంతా టీవీల ముందు కూర్చుంది. హాంకాక్‌కు మళ్లీ అలాంటి మాటలు దొరకలేదు. యాక్సిడెంట్ అప్పుడు తప్పనిసరై పెట్టుకున్న ఆ తెరలు ఆ తర్వాత అలవాటైపోయాయి. నీ 'చీకటి' కావాలంటే ఇక్కడ ఉంది, ఈ రెండు సంగతుల్లో. చదవాల్సిన మాటలు తెర మీద ఉన్నాయి, కానీ ఆ మాటలు రాసేవాళ్లు లేరు. ఇది రాసుకుంటూ వచ్చి సిడ్నీ చేరు. అప్పుడు నలభై నాలుగేళ్ల మనిషి అక్కడ పదమూడు ఎపిసోడ్ల సిరీస్ మొదలుపెట్టి మూడే పూర్తిచేశాడన్న ఒక్క వాక్యం చాలు. గది వర్ణన అక్కర్లేదు, సీసాలు లెక్కపెట్టక్కర్లేదు. ఆ రెండు పేజీలూ కొట్టెయ్యి.

బీబీసీ వాళ్లు ఆ రోజుల్లో టేపులు చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లు. అలా హాంకాక్ ఎపిసోడ్లు కొన్ని పోయాయి. ఇంట్లో టేపు చేసుకున్న శ్రోతల దగ్గర కొన్ని బయటపడ్డాయి. మిగతావాటికి స్క్రిప్టులు మిగిలాయి. 2014 నుంచి ఆ పోయిన రేడియో ఎపిసోడ్లను అవే స్క్రిప్టులతో, వేరే నటులతో బీబీసీ మళ్లీ చేయించింది. కూరగాయల కొట్టు పైన టైపు చేసిన కాగితాలు అన్నేళ్ల తర్వాత మళ్లీ జనాన్ని నవ్వించాయి. ఈ సంగతి విన్న రోజు నాకు ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి "ఆ కాగితాలు ఉన్నాయా?" అని అడిగినట్టే అనిపించింది.

కలం పేరు గురించి, పారితోషికం గురించి ఏదో అడిగావు. అవి తర్వాత.

వచ్చే నెలలోగా నాకు ఒక్క పేజీ పంపు. సూదిపోటు పొడిపించుకుని కుర్చీలోంచి లేచిన దగ్గర నుంచి 'చెయ్యంత రక్తం' దాకా, ఆ ఒక్క నిమిషం. హాంకాక్ మొహమూ రాయి, డాక్టరు మొహమూ రాయి, ఆ వేషం వేసింది ప్యాట్రిక్ కార్గిల్. కళ్లు పక్కకు పోయినచోట పోయాయనే రాయి. పంపేముందు జిరాక్స్ తీయించి నీ దగ్గర ఒక కాపీ పెట్టుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు